గులాబీ కాగితం మీద ఆకాశరామన్న

ఆకాశరామన్న ఉత్తరాలంటే మనవాళ్ళకు కొత్తగాదు. చేతివ్రాత పట్టుబడకుండా ఎడంచేత్తో ఒక కార్డు ముక్క రాసి, పక్కింటి అమ్మాయి సంగతో, ఆఫీసులో హెడ్డు గుమాస్తాగారి సంగతో తెలియవలసినవారికి తెలియజేసి, సంతకం దగ్గర ఖాళీ వదిలేసే పరోపకారులు ప్రతి ఊళ్ళోనూ వుండేవారు. కార్డులు పోయి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ విద్య కొంత మారిందేగాని అంతరించలేదు. అటువంటి ఉత్తరం ఒకటి యాభై దాటిన ఒక అమెరికా పెద్దమనిషికి వచ్చింది. గులాబీరంగు కాగితం, ఎర్రసిరా టైపు, కింద పేరు లేదు. "మనం విడిపోయిన తరువాత నేను గర్భవతినని తెలిసింది. బాబును నేనే పెంచాను. వాడికిప్పుడు పందొమ్మిదేళ్ళు రావస్తున్నాయి. ఏదో ప్రయాణమని బయలుదేరాడు, నిన్ను వెతకడానికేనేమో" - ఇదీ దాని సారాంశం.

ఇంతకంటే మంచి ఎత్తుగడ ఏ కథకుడికి దొరుకుతుంది చెప్పండి! ఉత్తరం అందుకున్నవాడి పేరు డాన్ జాన్‌స్టన్. కంప్యూటర్ల వ్యాపారంలో బాగా గడించాడు. ఇంట్లో మాత్రం ఒక్క కంప్యూటరైనా లేదు. పెళ్ళి చేసుకోలేదు. ఉత్తరం వచ్చిన రోజునే, అప్పటిదాకా అతనితో వున్న స్త్రీ పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆయనగారు సోఫాలో కూర్చుని టీవీలో డాన్ జువాన్ మీద తీసిన పాత సినిమా చూస్తూంటాడు. అది 1934 నాటిది. ఒకప్పుడు గోడలు దూకి, కత్తులు తిప్పి లోకాన్ని వూపేసిన డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ చివరిసారిగా నటించిన చిత్రం. ముసలివాడైపోయిన శృంగార నాయకుడి కథ. దర్శకుడు మనకు ముందే కన్ను గీటుతున్నాడన్నమాట.

ఆ దర్శకుడు జిమ్ జార్ముష్. చిత్రం "బ్రోకెన్ ఫ్లవర్స్", 2005లో వచ్చింది. అమెరికాలో పెద్ద స్టూడియోల చెప్పుచేతల్లో వుండకుండా తన సినిమా తానే తీసుకునేవారిలో ఈయన్ని పెద్దగా చెప్పుకుంటారు. 1984లో తీసిన "స్ట్రేంజర్ దాన్ పారడైజ్" అనే నలుపు తెలుపు చిత్రానికి కాన్ ఉత్సవంలో కొత్త దర్శకులకిచ్చే బహుమతి వచ్చింది. తన చిత్రాల నెగెటివులు తన దగ్గరే వుంచుకునే పట్టుదలగల మనిషి. ఈ "బ్రోకెన్ ఫ్లవర్స్"కు అదే కాన్‌లో రెండవ బహుమతి, గ్రాంప్రీ ఇచ్చారు. కథానాయకుడు బిల్ మర్రే. ఆ పాత్ర ఆయన్ని మనసులో పెట్టుకునే రాశారట. ఇన్ని మంచి లక్షణాలు ఒక్కచోట చేరాక, నలభై దాటిన నావంటివాడు ఒక రాత్రి దీపం తగ్గించుకుని దాని ముందు కూర్చోవడంలో ఆశ్చర్యమేముంది? చేసిన పనుల లెక్కలు మనిషి ముందుకొచ్చి నిలబడే వయస్సు గురించిన చిత్రం అది. అటువంటి చిత్రాలు తరచుగా రావు. కుర్రవాళ్ళ ప్రేమలకు ప్రపంచమంతా సినిమాలున్నాయి. ఆ ప్రేమల బాకీలు ఇరవై యేళ్ళ తరువాత ఎవరు తీర్చారన్నది మాత్రం అంతగా ఎవరికీ పట్టదు.

కథ ముందుకు నడిపేవాడు డాన్ కాదు, పక్కింటి విన్‌స్టన్. ఇథియోపియావాడు, మూడు ఉద్యోగాలు చేస్తాడు, అయిదుగురు పిల్లలు, పైగా అపరాధ పరిశోధన పిచ్చి. ఉత్తరం చూడగానే మన డిటెక్టివ్ నవలల పాఠకుడిలాగే లేచి కూర్చుంటాడు. ఆ కాలంలో నీకు తెలిసిన స్త్రీల పేర్లు రాసివ్వమంటాడు. అయిదు పేర్లు తేలతాయి. అందులో ఒకామె చనిపోయింది. నలుగురి చిరునామాలు సంపాదించి, విమానం టిక్కెట్లు, అద్దెకారు, దారి పటాలు, దారిలో వినడానికి పాటలు సైతం సిద్ధంచేసి ఈయన్ని తోలేస్తాడు. "ప్రతి ఇంటికీ గులాబీరంగు పూలు పట్టుకెళ్ళు. గులాబీరంగు వస్తువులు ఏమున్నాయో చూడు. టైపు మిషను ఎక్కడైనా కనబడుతుందేమో కనిపెట్టు" అని బోధ. ఆ దారి పాటలు ములాతు అస్తాత్కే అనే ఇథియోపియా సంగీత విద్వాంసుడివి. ఏమాట కామాటే చెప్పుకోవాలి, చాలా బాగున్నాయి. మూడు ఉద్యోగాల విన్‌స్టన్ ఇంట్లో వున్న సందడిలో పదోవంతు కూడా సోఫా ఇంట్లో లేదని చెప్పకుండానే చెప్పడం కూడా బాగుంది.

మన పాఠకులకు ఇక్కడ ఒక తెలుగు చిత్రం గుర్తుకు వచ్చి వుండాలి. అంతకు ముందు సంవత్సరం, 2004లో, తమిళం నుంచి మనకు వచ్చిన "నా ఆటోగ్రాఫ్"లో రవితేజ కూడా ఇలాగే పాత ప్రేమల గడపలు తొక్కుతాడు. ఆయన చేతిలో తన పెళ్ళి శుభలేఖలుంటాయి, ఈయన చేతిలో పూలగుత్తి. శుభలేఖ పుచ్చుకున్న మనిషికి కనీసం ఈయన ఎందుకొచ్చాడో తెలుస్తుంది.

నాలుగు ఇళ్ళలో మొదటిది లారాది. భర్త కారు పందేలలో పోయాడు. ఇతరుల బట్టల బీరువాలు సర్దిపెట్టడం ఆమె వృత్తి. ఆదరంగా చూస్తుంది. ఆ ఇంట్లో కూతురి ప్రవర్తన గురించి నేనిక్కడ రాయను. పిల్లలతో కూర్చుని చూడదగిన చిత్రం కాదని మాత్రం చెప్పి పక్కకు తప్పుకుంటాను.

రెండవ ఇల్లు డోరాది. చిత్రమంతటికీ ప్రాణం ఇక్కడ వుంది. ఒకప్పుడు జుట్టు విరబోసుకుని లోకంతో నాకేమిటని తిరిగిన పిల్ల, ఇప్పుడు భర్తతో కలిసి ఇళ్ళు అమ్ముతూంటుంది. ఇల్లంతా అమ్మకానికి పెట్టిన ఇల్లులాగే వుంటుంది: మరక లేదు, చప్పుడు లేదు, మనిషి వాసన లేదు. భర్త రాన్ మంచివాడు, అతిగా మంచివాడు. భోజనానికి వుండిపొమ్మని డాన్‌ను బలవంతపెడతాడు. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుంటారు. కత్తులు, ఫోర్కులు పళ్ళేలకు తగిలే చప్పుడు తప్ప మాట లేదు. "మీకు పిల్లలున్నారా?" అని డాన్ అడుగుతాడు. ఆ ప్రశ్న బల్లమీద పడగానే ఆ దంపతుల మధ్య ఏదో బిగుసుకుంటుంది. ఆ ఇంట్లో డోరా పడుచుదనపు ఫోటో ఒకటి వుంది. ఎంత బాగుందో చూడండంటూ రాన్ దాన్ని అతిథికి గొప్పగా చూపిస్తాడు. ఆ ఫోటో తీసినవాడు ఆ అతిథే! ఫ్రాన్సెస్ కాన్రాయ్ అనే నటి ఆ కాసేపూ కళ్ళెత్తి ఎవరినీ తిన్నగా చూడదు. ఒక్క మాట అనకుండా, తన జీవితంలో ఏ గది మూసేసి తాళం పెట్టిందో చూపిస్తుంది. ఆ దృశ్యం చూస్తున్నప్పుడు, ఇక ఈ చిత్రం ఎక్కడికో వెళ్ళబోతున్నదని నిటారుగా కూర్చున్నాను.

ఎక్కడికీ వెళ్ళలేదు. మూడవ ఇల్లు కార్మెన్‌ది. ఒకప్పుడు లాయరు, ఇప్పుడు కుక్కల, పిల్లుల మనసులోని మాటలు విని యజమానులకు చెప్పే డాక్టరమ్మ. వేళాకోళానికి పనికివచ్చే వృత్తే. దర్శకుడు ఆ వేళాకోళంతోనే సరిపెట్టుకున్నాడు. డాన్ వచ్చాడు, కూర్చున్నాడు, గులాబీరంగు ఏమైనా వుందా అని చుట్టూ చూశాడు, లేచాడు.

నా చిక్కు అక్కడ మొదలయింది. ఇరవై యేళ్ళ కిందట తాను విడిచిపెట్టిన మనుషుల ఇళ్ళకు వెళ్ళినవాడు వాళ్ళ ముఖాలు చూడడు, వాళ్ళ వస్తువుల రంగు చూస్తాడు. అది విన్‌స్టన్ నేర్పిన పరిశోధన అనుకుందాం. కాని కెమెరా కూడా అదే చూస్తుంది. ప్రతి ఇంట్లోనూ ఒక గులాబీ గౌను, ఒక గులాబీ కార్డు ఏరి చూపించి, మనచేత కూడా అదే వెతికిస్తుంది. మనిషి పశ్చాత్తాపం గురించి తీసిన చిత్రం పొడుపుకథగా మారిపోతుంది.

మా ఆవిడ ఈ చిత్రం సగం నుంచి చూసింది. మర్నాటి కాఫీకి ఫిల్టరులో పొడి వేస్తూ అడిగింది:

"ఏమండీ, ఆయన అన్ని ఊళ్ళకూ పూలు మోసుకెళ్ళాడు గదా, ఒక్కచోటైనా 'నావల్ల నీకేమైనా కష్టం వచ్చిందా' అని అడిగాడా?"

"అడగలేదు" అన్నాను.

"మరి దేనికి బాధపడుతున్నట్టు?"

ఎమ్మే తెలుగులో అలంకారశాస్త్రం నాలుగు పేపర్లు చదివినా, చిత్రం మీద ఇంత సూటి విమర్శ నాకు చేతనయ్యేది కాదు.

ఈమధ్య మనలో పాత విద్యార్థుల సమ్మేళనాలు బాగా సాగుతున్నాయి. పాతికేళ్ళ కిందట కలిసి చదివినవాళ్ళు సెల్‌ఫోనులో ఒక గుంపుగా చేరి, ఒక ఆదివారం ఏదో కల్యాణమండపంలో భోజనాలు పెట్టుకుంటారు. మంచిదే. అటువంటి ఒక సభకు నేనూ వెళ్ళాను. పెద్ద ఉద్యోగంలో వున్న ఒకాయన మైకు పుచ్చుకుని, చదువుకునే రోజుల్లో తాను ఒక అమ్మాయి వెంటపడి ఎంత అల్లరి చేసిందీ, అది తలుచుకుంటే ఇప్పుడెంత బాధగా వుంటుందో గొంతు పూడుకుపోతూండగా చెప్పాడు. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మూడో వరుసలో ఆమె భర్త పక్కన కూర్చుని గడియారం చూసుకుంటూ వుంది. ఆ రోజుల్లో ఆమె ఒక యేడాది చదువు మానుకుని ఇంట్లో కూర్చున్నదని ఆ హాల్లో మాకు నలుగురైదుగురికి తెలుసు. మైకు ఆమె దాకా వెళ్ళలేదు. భోజనాల దగ్గర ఆయన చుట్టూ చేరి అందరూ, ఎంత పెద్ద మనసండీ మీది అన్నారు.

డాన్ జాన్‌స్టన్ ఆ పెద్దమనిషిలాగా మాటకారి కాడు, మూగవాడిలా వుంటాడు. బిల్ మర్రే ముఖం కదపకుండా నటించగల గొప్ప నటుడు. ఆ కదలని ముఖంలో విషాద సముద్రాలున్నాయని చాలామంది రాశారు. వుండవచ్చు. కాని బావి లోతుగా వుండి నల్లగా కనబడడం వేరు, పైన మూత వేసి వుండడం వేరు. గంటా నలభై అయిదు నిమిషాలు నేను ఆ మూతనే చూశానేమోనని నా అనుమానం.

తెలుగు మాస్టారిని గనుక శకుంతల తలపుకు రాక మానదు. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు మరిచిపోయాడు. దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం, జాలరి, అందరికీ తెలిసిన కథే. తరువాత వసంతోత్సవం మాన్పించి, శకుంతల బొమ్మ గీసుకుంటూ కుమిలిపోతాడు. చివరకు ఆమె పాదాల మీద పడతాడు. కాళిదాసు రాజుగారి మీద దయతలచి శాపాన్ని అడ్డం వేశాడు. మూలకథలో, మన నన్నయగారి ఆదిపర్వంలో, శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అంతా జ్ఞాపకం వుంది. లోకానికి జడిసి, నువ్వెవరో నేనెరుగనన్నాడు. అప్పుడు ఆ నిండుసభలో శకుంతల నోరు విప్పింది. కొడుకును పక్కన నిలబెట్టుకుని, సత్యమంటే ఏమిటో రాజుకు పాఠం చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో ఆ పద్యం చదువుకున్నవారు అరవై యేళ్ళు వచ్చినా దాన్ని మరచిపోరు. ఆకాశవాణి పలకడం తరువాతి సంగతి. అంతకు ముందే ఆమె గెలిచింది. దుష్యంతుడి తప్పు ఎంతటిదో మనకు తెలిసేది అతని దిగులువల్ల కాదు, ఆమె మాటవల్ల.

"బ్రోకెన్ ఫ్లవర్స్"లో అటువంటి సభ ఒక్కటి రావలసిన చోటు వుంది. నాలుగవ ఇల్లు. పెనీ అనే ఆమె ఊరికి దూరంగా, మోటారు సైకిళ్ళ మొరటువాళ్ళ మధ్య వుంటోంది. ముందు గడ్డిలో గులాబీరంగు టైపు మిషను ఒకటి పడి వుంది. టిల్డా స్వింటన్ ఆ వేషం వేసింది, నల్లజుట్టుతో గుర్తుపట్టలేము. మిగతా ముగ్గురిలాగా ఆమెకు మర్యాద నటించే ఓపిక లేదు. ఎందుకొచ్చావని ముఖం మీదే అడుగుతుంది. హమ్మయ్య, ఇప్పటికి ఒక మనిషి దొరికిందనుకున్నాను. ఈయన తన ధోరణిలో, నీకు కొడుకున్నాడా అంటాడు. అంతే! ఆమె మండిపడుతుంది, పక్కనున్న మొరటువాడు ఈయన్ని ముఖం మీద గుద్దుతాడు. తెర మారితే తెల్లవారింది. పొలంలో నిలిపిన కారులో వాచిపోయిన కంటితో ఈయన లేస్తాడు. ఆ ప్రశ్న ఆమెకు ఎందుకంత మంట పుట్టించింది? ఆమెకు జరిగినదేమిటి? శకుంతల నోరు తెరిచేసరికి కొత్వాలు వచ్చి దుష్యంతుణ్ణి ఒక గుద్దు గుద్ది సభ చాలించినట్టయింది. ఆ గుద్దుతో డాన్ బాకీ తీరినట్టు, జాలిపడవలసినవాడు మళ్ళీ అతనే అయినట్టు కథ సాగిపోయింది.

ఇంకొక విచిత్రం చెప్పాలి. అదే 2005లో, అదే కాన్ పోటీలో, దాదాపు ఇదే కథతో మరొక చిత్రం వుంది. విమ్ వెండర్స్ తీసిన "డోంట్ కమ్ నాకింగ్". వయస్సు మళ్ళిన కౌబాయ్ సినిమాల నటుడు ఒకడు షూటింగు మధ్యలో గుర్రమెక్కి పారిపోయి తల్లి దగ్గరకు వెళితే, ఎప్పుడో ఒక అమ్మాయి నీ బిడ్డను కన్నానని కబురు చేసిందిరా అంటుంది తల్లి. ఈయన ఆమెను వెతుక్కుంటూ మోంటానాలోని బ్యూట్ అనే ఊరికి వెళతాడు. ఆమె వేషం వేసింది ఎవరనుకున్నారు? ఇక్కడ కుక్కల డాక్టరమ్మగా నాలుగు మాటలతో సరిపెట్టుకున్న జెస్సికా లాంజే! అక్కడ ఆమె నడివీథిలో అతన్ని నిలబెట్టి కడిగేస్తుంది. ఏడుస్తుంది, తిడుతుంది, అతడు నీళ్ళు నములుతాడు. మొత్తంమీద ఆ చిత్రం దీనికంటే గొప్పదని నేననను, చాలాచోట్ల సాగతీత. ఆ వీథి దృశ్యం మాత్రం మనసులో నిలిచిపోయింది. ఆ యేడు మొదటి బహుమతి పొందిన బెల్జియం చిత్రం, దార్దెన్ సోదరులదీ అటువంటి కథే: కన్నబిడ్డను డబ్బుకు అమ్ముకున్న కుర్రవాడు చివరికి జైలులో, చూడవచ్చిన ఆ బిడ్డ తల్లి ఎదుట కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తాడు. ఆమె చేతులు అతని చేతుల్లో వుంటాయి. పోటీలో వీటి పక్కన నిలబడింది గనుకనే జార్ముష్ చిత్రంలోని వెలితి నాకు మరింత కనబడిందేమో.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడికి నా మాటలు నచ్చలేదు. "అదేనయ్యా చిత్రం చెప్పేది! వాడు ఖాళీ మనిషి. అడగడం చేతగానివాడు. చేతగానితనాన్ని చూపించడం కళ కాదా?" అన్నాడు. కాదనను. అడగడం చేతగాని మనిషిని ఎన్ని చిత్రాలైనా తీయవచ్చు. కాని డాన్‌కు చేతకాకపోతే దర్శకుడికేమయింది? డోరా బల్ల దగ్గర చేతనైంది గదా. డాన్ గది దాటి వెళ్ళాక కూడా మరొక నిమిషం కెమెరాను ఆ ఇంట్లో వుంచగల స్వేచ్ఛ ఆయనకుంది. మామూలు సినిమావాళ్ళను అడిగితే నిర్మాత ఒప్పుకోలేదనో, పంపిణీదారులు గుద్దులాట పెట్టమన్నారనో చెప్పుకుంటారు. నెగెటివు తన పెట్టెలోనే పెట్టుకునే మనిషికి ఆ సాకు లేదు. పెనీ మాట ఆపించినది ఏ స్టూడియోవాడూ కాదు.

ఆ ఉత్తరం ఎవరు రాశారో చివరి దాకా తేలదు. దానికి చాలామంది కోపగించారు. నాకు కోపం లేదు. ఈయన్ని విడిచివెళ్ళిన స్త్రీయే రాసి వుండవచ్చు, ఇంకెవరైనా కావచ్చు. తేలకపోతే కొంప మునగదు. తిరిగివచ్చాక వీపున సంచీ తగిలించుకుని తిరిగే ఒక కుర్రవాడు కనిపిస్తే డాన్ వాడికి సాండ్‌విచ్ కొనిపెట్టి, నీ తండ్రిని నేనేననుకుంటున్నావు కదూ అంటాడు. వాడు హడలి పరుగెత్తుతాడు. ఇంతలో మరొక కుర్రవాడు కారులోంచి ఈయన వైపే చూస్తూ పోతాడు. వీథి మధ్య నిలబడిపోయిన డాన్ చుట్టూ కెమెరా తిరుగుతుంది, చిత్రం అయిపోతుంది. కారులో పోయిన ఆ పిల్లవాడు నిజజీవితంలో బిల్ మర్రే కొడుకేనట. సరదా అయిన సంగతే.

నాకు ఇంతకంటే ముందు వచ్చే చిన్న దృశ్యమొకటి ఎక్కువ నచ్చింది. వాచిన కంటితో ఒక పూలకొట్టుకు వెళితే అక్కడి పడుచు ఆ గాయం తుడిచి కట్టు కడుతుంది. ఆ పూలు పట్టుకుని డాన్ శ్మశానానికి వెళతాడు, అయిదవ పేరు, ఆ చనిపోయినామె దగ్గరకు. పలకరించి, చెట్టు మొదట్లో కూర్చుంటాడు. చిత్రమంతటిలో అతని ముఖం కొంచెం కదిలేది అక్కడే. తిరిగి ఒక్క మాట అనలేని మనిషి ముందు.

పెనీ సంగతి మాత్రం నన్ను వదలలేదు. ఈయన్ని కొట్టి పంపించేశాక, ఆ రాత్రి ఆమె ఇంట్లోకి వెళ్ళి ఏం చేసిందో, ఎవరితో ఏమన్నదో చూపించే చిత్రం ఎవరైనా తీస్తే, మా ఆవిడకూ నాకూ రెండు టిక్కెట్లు కొంటాను.